ఎంతమంది రావాలో ఊటని అడగండి

పది లీటర్ల బకెట్టు ఒకటి, సెకన్లు చూసుకోవడానికి ఫోను ఒకటి. మన్యంలో టెంట్లు వేద్దామనో, హోమ్‌స్టే పెడదామనో అనుకునేవాళ్ళకి మొట్టమొదట కావలసిన సామాను ఇంతే. డ్రోన్ వీడియో సంగతి తర్వాత. కొండవాలులో ఊటనీరు పైపులోంచి పడేచోట బకెట్టు పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. మూడుసార్లు చూసి సగటు తీయండి. 20 సెకన్లు పట్టిందంటే నిమిషానికి 30 లీటర్లు, రోజుకి 43,200 లీటర్లు. డిసెంబరులో ఈ లెక్క చూసినవాడు మురిసిపోయి మర్నాడే ఇరవై గదులకి పునాదులు తవ్విస్తాడు. అదే బకెట్టు పట్టుకుని అదే ఊట దగ్గరకి ఏప్రిల్లో వెళ్ళమనండి. ఈసారి 90 సెకన్లు పట్టిందనుకుందాం. వేసవిలో ఊట అంతగా సన్నబడటం వింతేమీ కాదు. అంటే రోజుకి 9,600 లీటర్లే.

ఇప్పుడు ఊరి లెక్క చూద్దాం. 60 గడపలు, 270 మంది జనం ఉన్న ఊరనుకోండి. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకి 55 లీటర్లు, మొత్తం 14,850. చుట్టం ఒక్కడు రాకముందే ఏప్రిల్లో ఊరికి అయిదువేల లీటర్లు తక్కువ పడుతున్నాయి. మరి హోటలుకి? జాతీయ భవన నిర్మాణ నియమావళి మనిషికి 180 లీటర్ల చొప్పున కట్టమంటుంది. ఇద్దరేసి చొప్పున పది గదులు నిండితే 3,600 లీటర్లు. అరవై అయిదు మంది ఊరివాళ్ళ వాటా అది.

డిసెంబరు లెక్క కూడా కనబడినంత ధారాళంగా ఉండదు. 43,200లో ఊరి వాటా పోగా 28,350 మిగులుతాయి. పశువులున్నాయి, పెరట్లో మొక్కలున్నాయి, దిగువన అదే గెడ్డ (కొండవాగు) మీద బతికే ఇంకో ఊరుంది. అందుకని సగం గెడ్డకే వదిలేద్దాం. మిగిలిన పద్నాలుగు వేలని 180తో భాగిస్తే 78. ఒక్క రిసార్టుకి కాదు, ఆ ఊట మీద ఆధారపడిన టెంట్లు, గదులు, హోమ్‌స్టేలు అన్నిటికీ కలిపి రాత్రికి 78 మంది. మంచి సీజన్లో, మంచి ఊట మీద.

అరకు, వంజంగి, లంబసింగి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈమధ్య 'బాధ్యతాయుత పర్యాటకం' అన్నమాట వినబడుతోంది. దాని పేరుతో జరిగేది చాలావరకు ఆదివారం పొద్దున చెత్త ఏరి, సంచులతో వరసగా నిలబడి ఫొటో దిగడం. ఏరితే మంచిదే, వద్దనడానికి నేనెవర్ని. కానీ ఆ కొండ మీదికి ఎంతమంది రావచ్చో తేల్చకుండా తీసుకునే మిగతా జాగ్రత్తలన్నీ పుండు మీద పౌడరు చల్లడం లాంటివి. ఆ అంకెని ఊట చెప్పాలి. దాన్ని అమలుచేసే అధికారం ఆ నీళ్ళు తాగేవాళ్ళ చేతిలో ఉండాలి. ఇంతకంటే పెద్ద సిద్ధాంతమేమీ నా దగ్గర లేదు. మిగతావన్నీ దీన్నుంచి పుట్టే లెక్కలే.

వ్యూ పాయింటుకీ ఊటకీ సంబంధమేమిటని అడగొచ్చు. తూర్పు కనుమల్లో ఈ భాగమంతా ఎక్కువగా ఖోండలైటు రాయి. ఇక్కడి ఖోండు తెగవాళ్ళ పేరే శాస్త్రజ్ఞులు ఆ రాయికి పెట్టారు. ఎండకీ వానకీ నాని, పొరలు పొరలుగా విచ్చుకుని, పగుళ్ళలోంచి నీళ్ళు దించుకునే రాయి అది. శిఖరం మీద పడిన వాన ఆ పగుళ్ళు పట్టుకునే దిగి సగం కొండలో ఎక్కడో ఊటగా బయటపడుతుంది. కాబట్టి మనం సూర్యోదయం చూడ్డానికి నిలబడే మెరక మరేదో కాదు, కింది ఊరి మంచినీళ్ళ ట్యాంకుకి పైకప్పు. ఆ రాళ్ళ చాటున ఎవరు ఏ పని కానిచ్చినా తొలకరికి అది కుళాయిలో తేలుతుంది.

అందుకే మరుగుదొడ్ల సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఎవరూ మాట్లాడనిది ఇదొక్కటే. వంజంగి మేఘాల కొండకి జనం వచ్చేది అయిదు నుంచి ఏడు లోపు. విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి, దారిలో రెండు టీలు తాగి, తెల్లవారుజామున చలిలో కారు దిగిన మనిషికి మొదట ఏం కావాలో చెప్పనక్కర్లేదు. మనిషికి మూడు నిమిషాలనుకుంటే ఒక్కో దొడ్డి రెండు గంటల్లో 40 మందికి సరిపోతుంది. వెయ్యిమంది వచ్చే ఆదివారానికి 25 కావాలి. నాలుగే ఉంటే 160 మందికి సరిపోతాయి, మిగతా 840 మంది తుప్పలు వెతుక్కుంటారు. వాళ్ళని సభ్యత లేనివాళ్ళని తిట్టి లాభం లేదు, కూడిక తప్పయింది.

ఆ దొడ్లు కట్టాల్సింది కొండపైన కాదు. పైకి నీళ్ళు మోయలేం, పైన గొయ్యి తవ్వితే అది నేరుగా ఊట నెత్తిమీదే. కట్టాల్సింది కింద, బళ్ళు ఆగేచోట. నడకదారి వాటి పక్కనుంచే మొదలవ్వాలి, టికెట్టు కిటికీ వాటి తర్వాతే రావాలి. పాన్ దగ్గర కూడా తెలివి చూపాలి. వాలు ఎక్కువుండే రూరల్ పాన్‌కి చెంబుతో రెండు లీటర్లు పోస్తే చాలు. నున్నగా మెరిసే ఫ్లష్ ట్యాంకు సీటైతే ఒక్కసారికి ఆరు నుంచి పది లీటర్లు తాగుతుంది. వెయ్యిమందికి ఆ తేడా ఎంతో మీరే గుణించుకోండి.

ఇళ్ళలో అతిథుల్ని పెట్టుకునేవాళ్ళకి జంట గుంతల దొడ్డి బాగా పనికొస్తుంది, సరిగ్గా కడితే. గుంత అంచు నుంచి బావికైనా ఊటకైనా కనీసం 10 మీటర్లు ఎడం ఉండాలి, అదీ దిగువ వైపునే. ఎగువనుంటే ఇరవై మీటర్లున్నా నమ్మకం లేదు. గుంత అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య రెండు మీటర్ల మన్ను ఉండాలి. ఎక్కువగా చెడేది మధ్యలోని చిన్న తొట్టి దగ్గర. రెండు పైపులూ అక్కడే విడిపోతాయి, ఒకదాన్ని ఇటుకతో మూసి రెండోది వాడాలి. మేస్త్రి మర్చిపోతే రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి. ఒకటి నిండాక ఏడాదిన్నర, రెండేళ్ళు మూసి ఉంచితేనే లోపలిది వాసన లేని ఎరువవుతుంది. రెండూ పచ్చిగానే ఉంటే ఎత్తడానికి ఎవరు ముందుకొస్తారు? స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు ఈ గుంతల్లోకి వదలకూడదు. అరటి పాదుల్లోకి మళ్ళించాలి.

పెద్ద రిసార్టులవి సెప్టిక్ ట్యాంకులు. అతిథికి వాసన రాకూడదని రోజూ యాసిడ్డు, బ్లీచింగు పోస్తారు. ట్యాంకులో మలినాన్ని తినే సూక్ష్మజీవులు ఆ దెబ్బకి చస్తాయి, మడ్డి కరగదు, మూడేళ్ళకి నిండాల్సింది ఏడాదికే నిండుతుంది. అప్పుడు పీల్చే ట్యాంకరు వస్తుంది. వచ్చింది సరే, ఎక్కడ పారబోస్తుంది? గది బుక్ చేసుకునేటప్పుడు వైఫై ఉందా అని అడిగే గొంతుతోనే ఈ మాట కూడా అడగండి. తడుముకున్నారంటే ఏ ఘాట్ మలుపులోనో, ఏ గెడ్డలోనో ఒంపుతున్నారన్నమాట. అనంతగిరి వైపైతే ఇందులో ఇంకో వింత ఉంది. బొర్రా గుహల్లోంచి పారే గోస్తని దిగువకెళ్ళి తాటిపూడి రిజర్వాయరులో కలుస్తుంది. విశాఖ కుళాయిల్లోకి ఆ నీళ్ళూ వస్తాయి. శనివారం కొండమీద వదిలిపెట్టి వచ్చామనుకున్నది మన వెనకే బయల్దేరుతుంది.

ఇక చెత్త. దీన్ని ప్లాస్టిక్కు, ప్లాస్టిక్కు కానిది అని విడదీస్తే ఏమీ తేలదు. కొనేవాడు ఉన్నది, లేనిది అని విడదీయాలి. లీటరు నీళ్ళ సీసా ఖాళీది ఇరవై, పాతిక గ్రాములుంటుంది. కిలో కావాలంటే నలభై, యాభై సీసాలు ఏరాలి. తక్కువే అయినా కొనేవాడున్నాడు కాబట్టి ఎవరో ఒకరు ఏరతారు. చిప్స్ ప్యాకెట్టు లోపల వెండిలా మెరిసే పొర ఉందే, దాన్ని ఏ పాత సామాన్లవాడూ ముట్టుకోడు. టీ కప్పుకి లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అదీ అంతే. వెండి పూత కాగితప్పళ్ళెమూ అంతే. ఈ మూడూ కాలబెట్టడానికే మిగులుతాయి. నూట ఇరవై మైక్రాన్ల లోపు సంచుల మీద, ప్లాస్టిక్ కప్పులు, స్ట్రాల మీద 2022లో నిషేధం వచ్చింది గానీ ఆ జాబితాలో చిప్స్ ప్యాకెట్టు లేదు. అంచేత చెక్‌పోస్టు దగ్గర సీసాలు లాక్కుని చిప్స్ వదిలేసే తనిఖీ తిరగేసిన తనిఖీ అనే నాకనిపిస్తుంది.

పళ్ళేల దగ్గర నవ్వాలో ఏడవాలో తెలీదు. మైదానంలో పెళ్ళిళ్ళకి విస్తరాకు పంపిందే ఈ కొండలు. అడ్డాకు కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, వెదురు పుల్లలతో కుట్టి సంతకి తెచ్చి అమ్మడం ఇక్కడి ఆడవాళ్ళకి తరాల నాటి పని. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో అడ్డాకు ఒకటి. ఇప్పుడు అదే కొండమీద బిర్యానీ తినడానికి మనం కింది నుంచి వెండి పూత కాగితప్పళ్ళేలు మోసుకుపోతున్నాం. ప్రతి టిఫిన్ బడ్డీలో అడ్డాకే వాడాలని పంచాయతీ తీర్మానం ఒక్కటి చేస్తే చాలు, ఖర్చు లేని పని. ఒక్క ఇబ్బంది ఉంది. ఎండాకు పెళుసు, సాంబారు పోస్తే కుట్టు దగ్గర కారుతుంది. వడ్డించే ముందు నీళ్ళు చిలకరించి అయిదు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. రెండాకుల మందం కుట్టించుకుంటే సాంబారూ ఆగుతుంది.

నీళ్ళ సీసాలు ఆపడం సాధ్యమేనా? సిక్కింలో లాచెన్ అనే ఊరు 2012లోనే ఆపింది. ఆపింది ప్రభుత్వం కాదు, జుంసా అనే ఆ ఊరి సంప్రదాయ సభ. 2022 జనవరి నుంచి సిక్కిం రాష్ట్రమంతా సీసా నీళ్ళ మీద నిషేధం పెట్టింది. నీలగిరుల్లో మద్యం సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగిచ్చినవాళ్ళకి ఇచ్చేసే పద్ధతి 2022లో మొదలైంది. మన ఘాట్లకి నాకు నచ్చేది ఈ డిపాజిట్టు పద్ధతే. నిషేధమంటే సంచి అడుగున దాచుకుంటారు, డిపాజిట్టంటే దాచుకోరు. సీసాకైనా చిప్స్ ప్యాకెట్టుకైనా ఒక అంకె ఉన్న స్టిక్కరు, ఇరవై రూపాయలు డిపాజిట్టు.

చెప్పడం తేలికే, చెడేది చిన్న విషయాల్లో. మంచు తడికి కాగితం స్టిక్కరు ఊడిపోతుంది, కాబట్టి చెరగని సిరాతో అంకె వేయాలి. ఎస్.కోట ఘాట్ ఎక్కిన బండి పాడేరు ఘాట్ మీదుగా దిగిపోవచ్చు, కాబట్టి రెండు చోట్లా డబ్బు తిరిగివ్వాలి. పొద్దున పదకొండింటికి అందరూ ఒక్కసారే దిగుతారు, అప్పుడు ఒక్క కౌంటరుంటే జనం విసిగి సీసాలు అక్కడే గిరాటేసి పోతారు. ఫోనుకి సిగ్నలు ఉండదు, కాబట్టి గల్లాలో చిల్లర ఉండాలి. తిరిగి తీసుకోని డిపాజిట్లన్నీ ఊరి చెత్తబండి ఖర్చుకి. ఇవన్నీ కుదరాలంటే ముందు పైన తాగడానికి మంచినీళ్ళ కుళాయిలుండాలి. అవి పెట్టకుండా సీసాలు ఆపడం దబాయింపు.

వంజంగి మీద నిలబడి చూసే ఆ పాలసముద్రం ఎలా ఏర్పడుతుందో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి సంగతి దానిమీదే ఆధారపడింది. పగలంతా వేడెక్కిన నేల, రాత్రి ఆకాశం తేటగా ఉంటే ఆ వేడిని పైకి వదిలేస్తుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట లోయలోకి జారుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా నిలబడుతుంది. ఆ మూత కింద చిక్కుకున్న తేమే మనం మేఘాలనుకునే మంచు. ఎండెక్కి ఎనిమిది, తొమ్మిదింటికి నేల వేడెక్కాక మూత లేస్తుంది, మంచు విడిపోతుంది.

మూత మంచుని ఆపినట్టే పొగనీ ఆపుతుంది. ఘాట్ మీద ఇంజన్లు ఆపకుండా నిలబెట్టిన టెంపో ట్రావెలర్ల డీజిలు పొగ, టెంటుకొకటి చొప్పున వేసిన నెగళ్ళ పొగ, కాల్చిన ప్యాకెట్ల పొగ, అన్నీ ఆ మూత కిందే ఉంటాయి. దాని కిందే ఊళ్ళూ ఉన్నాయి. పైన మనం తేటగాలి పీలుస్తూ ఫొటోలు తీస్తుంటే కింద పసిపిల్లలు పడుకున్న ఇంట్లోకి మన పొగ దిగుతుంది. లంబసింగికి కొర్రబయలని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉంటే మనిషి కర్రలా కొయ్యబారిపోతాడట. అంత చలిలో నెగడు వద్దనడం అన్యాయం. కానీ టెంటుకొకటి ఎందుకు? క్యాంపు మొత్తానికి ఒకటి. నేలమీద కాదు, రెండు వరసల ఇటుకల మీద ఇనప తట్టలో. నేలమీద వేస్తే కింద మన్ను మాడి ఆ చోట గడ్డి మొలవడానికి చాలాకాలం పడుతుంది.

ఇక కట్టెలు. మూడు గంటల నెగడు పది, పన్నెండు కిలోలైనా తింటుంది. ఇద్దరు ముగ్గురు టెంట్లవాళ్ళు కలిస్తే అడవిలో ఒకామె సగం రోజు తిరిగి నెత్తిన తెచ్చిన మోపు ఒక్క సాయంత్రానికి బూడిద. ఆ మోపు ఆమె ఇంట్లో మూడు నాలుగు రోజులు వంట చేసేది. దీనికి మందు కాఫీ తోటల్లోనే ఉంది. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కొమ్మల్ని ఏటా వానలకి ముందు కొట్టి నీడ పలచన చేస్తారు. ఆ కొమ్మల్ని రైతు దగ్గర కొని, ఎండబెట్టి, చలికాలానికి దాచుకోవచ్చు. మాను మాత్రం ముట్టుకోకూడదు, దాన్ని పట్టుకునే మిరియం తీగ పాకుతుంది. ఇక ఫిబ్రవరి దాటితే కొండగడ్డి ఎండి ఉంటుంది, రవ్వ చాలు. అప్పుడు నెగడు పూర్తిగా బంద్.

బొంగులో చికెన్ గురించి చెప్పకపోతే అరకు గురించి రాసినట్టే కాదు. పచ్చి వెదురు కణుపు, ఒకవైపు మూసి ఉన్నది, అందులో నూనె లేకుండా కారం పట్టించిన ముక్కలు, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ అరగంట పైన. వెదురు లోపలి తేమే ముక్కని ఉడికిస్తుంది, అందుకే ఎండు బొంగు పనికిరాదు. ఒక్కో బొంగుకి పనికొచ్చే కణుపులు పది, పన్నెండుకి మించడం కష్టం. మొదట్లో గోడ మందం, లోపల చోటు తక్కువ. కొసకి సన్నం. రోజుకి 60 అమ్మే దుకాణానికి అయిదారు బొంగులు. అలాంటి దుకాణాలు ఇరవై ఉంటే ఒక్క ఆదివారానికి వందకి పైగా. అయినా వెదురు గడ్డే, మళ్ళీ మొలుస్తుంది. అసలు తప్పు ఎంత కొట్టారన్న దగ్గర కాదు, ఏది కొట్టారన్న దగ్గర జరుగుతుంది. తొలి ఏడాది బొంగు లేతగా, కత్తికి సులువుగా ఉంటుంది. కణుపుల దగ్గర తొడుగులు అంటుకుని, ఒంటిమీద తెల్లటి బూడిద లాంటి పొడి ఉంటే అది తొలి ఏడాదిది. మరుసటేడు కొమ్ములకి, అంటే కొత్త మొలకలకి, బలమిచ్చేది అదే, దాన్ని కొడితే పొద చిక్కిపోతుంది. మూడో ఏడు దాటిన బొంగునే, నేల నుంచి జానెడు పైన, కణుపుకి కాస్త మీదుగా కొట్టాలి. వానాకాలంలో కొమ్ములు లేచేటప్పుడు పొదలోకి అడుగే పెట్టకూడదు. తినేవాడు బొంగు వయసు అడగలేడు, నిజమే. కానీ దుకాణాలకి వెదురు ఇచ్చే హక్కు అటవీ హక్కుల చట్టం కింద ఊరికే ఉంటే, పొదలు ఎలా నిలబెట్టుకోవాలో ఊరే చూసుకుంటుంది. కింది నుంచి వచ్చిన కాంట్రాక్టరుకి ఆ దిగులు ఎందుకుంటుంది?

ఇక్కడికొచ్చాం గనక భూమి మాట. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో వచ్చిన నిబంధనల్ని 1970లో బిగించారు, అదే అందరూ అనే వన్ ఆఫ్ సెవెంటీ. అమ్మకమే కాదు, లీజు కూడా అందులో బదలాయింపు కిందికే వస్తుంది. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజులివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది బొర్రా చుట్టుపక్కల గనుల మీదే. మరి ఇన్ని రిసార్టులు, ఇన్ని టెంట్ల క్యాంపులు ఎలా వచ్చాయంటారా? స్థలం పట్టా ఒక గిరిజనుడి పేరున ఉంటుంది. పెట్టుబడి, బుకింగు యాప్, లాభం కింది ఊళ్ళో ఉంటాయి. పేరున్నవాడు తన సొంత స్థలంలో వాచ్‌మన్. ఇలాంటి చోట సౌర దీపాలు, వెదురు గుడిసెలు పెట్టి 'ఎకో' అని బోర్డు తగిలించినా నా లెక్కలో అది బాధ్యతాయుతం కాదు. నీళ్ళెక్కడ ఆపాలో చెప్పగలిగినవాడికి ఆ స్థలం మీద అధికారం లేదు గదా.

ఆ అధికారం కాగితం మీద ఇప్పటికే ఉంది. 1996 నాటి పెసా చట్టం, అంటే పంచాయతీ వ్యవస్థని షెడ్యూలు ప్రాంతాలకి విస్తరించిన చట్టం, అక్కడి చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పజెప్పమంది. రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. ఊటగెడ్డ చిన్న నీటి వనరు కాకపోతే మరేమిటి? ఊట మీద గ్రామసభ ఒక అంకె తీర్మానం చేస్తే, ఆ అంకె దాటి మంచాలు వేసినవాణ్ణి అడిగే దారి దొరుకుతుంది.

ఊటీ, కొడైకెనాల్లో మద్రాసు హైకోర్టు 2024 మేలో ఈ-పాస్ పెట్టించింది. 2025 ఏప్రిల్ నుంచి నీలగిరులకి మామూలు రోజుల్లో 6,000 బళ్ళు, వారాంతాల్లో 8,000 అని హద్దు గీసింది. మంచి పనే. కానీ ఆ అంకెలో నాకొక తిరకాసు కనబడుతుంది. రద్దీ ఎక్కువైన రోజునే హద్దు ఎక్కువ. ఊటకి శనాదివారాలు తెలియవు. పైగా బళ్ళని లెక్కపెట్టి మనుషుల్ని వదిలేస్తే ఒక కారూ ఒక బస్సూ ఒకటే అవుతాయి. మన దగ్గర విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఉంది, ఆర్టీసీ ఉంది. రైల్లోనో బస్సులోనో వచ్చినవాళ్ళకి ముందు చోటు ఇచ్చి, మిగిలిందే సొంత బళ్ళకి ఇవ్వాలి. పాడేరులోనే కార్లు ఆపేసి, అక్కడి నుంచి ఊరివాళ్ళ జీపుల్లో పైకి పంపితే కొండదారి మీద పొగ తగ్గుతుంది, కిరాయి ఊళ్ళో మిగులుతుంది.

ఇలా హద్దు పెడితే కొండ డబ్బున్నవాళ్ళకే మిగులుతుందన్న అభ్యంతరం వస్తుంది. వస్తే న్యాయమే. అందుకే హద్దు ధరతో పెట్టకూడదు, వరసతో పెట్టాలి. టికెట్టు అందరికీ ఒకటే, ముందడిగినవాడికి ముందు. ఈ ఆదివారం నిండితే వచ్చే బుధవారం. మంచు బుధవారం కూడా అంతే పడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఆదివాసులకి నాలుగు రూపాయలు వస్తుంటే కింద కూర్చుని వద్దంటావా అని. వద్దనను. ఏ రూపాయి ఎక్కడ ఆగుతుందో చూడమంటాను. తెల్లవారుజామున వచ్చి తొమ్మిదింటికి దిగిపోయే బండి తిండి, నీళ్ళు, చిప్స్ కిందనుంచే తెచ్చుకుంటుంది. ఊరికి దక్కేది పార్కింగు రుసుము, మిగిలేది చెత్త. ఒక్క రాత్రి ఊళ్ళో ఇంట్లో ఉన్న ఇద్దరు మనుషులు చోడి అంబలో, సామ బువ్వో, చింతపల్లి రాజ్‌మా కూరో తింటారు, పోతూ పోతూ పసుపు, కాఫీ పొడి కొనుక్కుంటారు. చెత్త ఒక చేతి సంచికి మించదు. ఒక్క చలికాలం లెక్క రాసిపెడితే వందమంది పొద్దుటి చుట్టాల కంటే పదిమంది రాత్రి చుట్టాలే ఊరికి మేలన్న సంగతి ఏ ఊరికైనా తేలిపోతుంది.

అసలు ఆదాయం దెబ్బతినే చోటు వేరే ఉంది, అది కాఫీ. నవంబరు నుంచి జనవరి దాకా పండ్ల కోత, సరిగ్గా టూరిస్టు సీజనే. ఎర్రబడిన పండు కోసిన రోజే తొక్క తీయాలి. మర్నాటికి ఆగితే పులిసి రుచి పాడవుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కాఫీకి ఆ రుచే పెట్టుబడి. శనాదివారాల్లో కుర్రాళ్ళు పార్కింగు చీటీలు చించడానికి పోతే తోటలో కోతకి మనిషి దొరకడు. దానికితోడు ఫొటో కోసం కొమ్మ వంచేవాళ్ళు. అరబికాకి కాయ కాసేది పక్కకొమ్మ మీద. ఆ కొమ్మ విరిగితే ఒక్క ఏటి పంటతో పోదు, కొత్త కొమ్మ ఎదిగి కాపుకొచ్చేదాకా నష్టమే. నూనెగింజ పంట వలిసె చేలదీ ఇదే కథ. పసుపుపచ్చగా పూసిన చేనులోకి దిగి నడిస్తే ఆ పెళుసు కాడలు విరుగుతాయి, మళ్ళీ లేవవు. కొందరు రైతులు చేనుకి ఇంతని రుసుము తీసుకుంటున్నారు, తీసుకోవాల్సిందే. గట్టుపక్కన రెండడుగుల దారి వదిలి, తాడు కట్టి, దాని మీదే నిలబడి తీసుకోమంటే చేనూ మిగులుతుంది, ఫొటోలో తేడా కూడా కనబడదు. ఇక్కడి గిరిజన నాట్యం థింసా గురించి ఒక్కమాటే. పగలంతా కోతకి పోయి వచ్చిన ఆడవాళ్ళని రాత్రి పదింటికి పిలిచి, మందుకొట్టిన గుంపు మధ్య ఆడించి, మధ్యలో చెయ్యి పట్టుకుని దూరడం ఏ రకం టూరిజమూ కాదు.

అంకె ఎవరు తేలుస్తారన్నదొక్కటే మిగిలింది. హైడ్రాలజిస్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఊళ్ళో హైస్కూలు చదివే ఇద్దరు పిల్లలు చాలు. వారానికొకసారి, ఒకే రోజున, మోటార్లు వేయకముందు, తెల్లారి ఆరింటికి బకెట్టు పెట్టాలి. వాన పడిన మర్నాడు కొలిస్తే పైనీరు కలిసి లెక్క పెరుగుతుంది, రెండు రోజులు ఆగి కొలవాలి. పైపు మూతి దగ్గర పక్కనుంచి కారేది కూడా మట్టితో కట్టేసి బకెట్టులోకే పట్టాలి. ఆ సెకన్లు, దాన్నుంచి తేలిన మంచాల సంఖ్య ఘాట్ మొదట్లో ఉన్న చెక్‌పోస్టు బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. ఊరివాళ్ళు కావాలని తక్కువ రాస్తారనే టెంట్లవాళ్ళుంటారు, టెంట్లవాళ్ళతో కుమ్మక్కై ఎక్కువ రాస్తారనే ఊరివాళ్ళూ ఉంటారు. ఊట దారి అందరికీ తెలిసిందే. ఎవరి బకెట్టు వాళ్ళు తెచ్చుకుని చూసుకోవచ్చు.